ట్రెక్కుకి పోయేముందు మిద్దె మీద ముప్పైసార్లు వెలిగించండి

పోయిన ఆదివారం మా వీధి కుర్రాడొకడు కొత్త స్టౌ పెట్టె పట్టుకుని ఇంటికొచ్చాడు. "అన్నా, పదిహేను వేలయింది. మంచిదే కదా?" అన్నాడు. ఇంకో పన్నెండు రోజుల్లో నలుగురు కలిసి హిమాచల్‌లోని స్పితి లోయకి పోతున్నారు. పెట్టె సీలు కూడా తీయలేదు. ఎందుకురా తీయలేదంటే, "కొత్తది కదన్నా, అక్కడే తీద్దామని" అన్నాడు.

నాకు కడుపు రగిలిపోయింది. వాడిని తిట్టి లాభం లేదు. మన తిరుపతిలో ట్రెక్కింగ్ పిచ్చి పట్టిన కుర్రాళ్ళందరిదీ ఇదే వరస. ఏ కంపెనీది కొనాలి, ఎంత బరువుంటుంది, ఆఫర్ ఎప్పుడొస్తుంది, ఈ మూడే అడుగుతారు. వెలిగించడం ఎలాగో ఒక్కడూ అడగడు. లీటరు నీళ్ళు మరగడానికి మూడున్నర నిమిషాలా, నాలుగు నిమిషాలా అని గంటలు గంటలు వాదించుకుంటారు. ఆ నాలుగు నిమిషాలకి ముందు జరగాల్సిన పని మాత్రం ఎవరికీ పట్టదు.

అసలు ఇది ఎవరికి కావాలో ముందు చెప్తాను. కిరసనాయిలో పెట్రోలో సీసాలో పోసి, చేతిపంపుతో గాలి కొట్టి, సన్నటి గొట్టం గుండా బర్నర్‌కి పంపే చిన్న స్టౌ ఇది. సీసా కాకుండా మూడు నాలుగు వందల గ్రాములుంటుంది. నాగలాపురం కొండలకో తలకోనకో ఒకరోజు పోయొచ్చేవాళ్ళు దీన్ని కొననే వద్దు. పులిహోర పొట్లం కట్టుకోండి, చాలు. తలకోన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానంలో ఉంది. 2014 మార్చిలో తిరుమల అడవి అంటుకున్నప్పుడు వాయుసేన హెలికాప్టర్లు వచ్చి నీళ్ళు చల్లడం మనమందరం చూశాం. ఎండాకాలంలో శేషాచలం ఎండుగడ్డి ఎంత తేలిగ్గా అంటుకుంటుందో ఇక్కడ పుట్టినవాడికి ఒకరు చెప్పాలా? అక్కడ స్టౌ తీసి రీలు చేసుకునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అడవికి ప్రమాదం తెచ్చేలా నిప్పు రాజేయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.

ఇది కావాల్సింది గడ్డకట్టే చలిలో రోజుల తరబడి ఉండేవాళ్ళకి, మంచు కరిగించుకుని తాగాల్సిన వాళ్ళకి. మార్కెట్‌లో చవగ్గా దొరికే పొడుగు గ్యాస్ డబ్బాల్లో ఉండేది చాలావరకు మామూలు బ్యూటేన్. దాని మరిగే స్థానం మైనస్ 0.5 డిగ్రీలు. అంటే పొద్దున సున్నాకి కింద చలి ఉంటే డబ్బాలో గ్యాస్ ద్రవంగానే కూర్చుంటుంది, పైకి రాదు. ఐసోబ్యూటేన్ అనే ఇంకో రకం గ్యాస్ అయితే మైనస్ 12 దాకా నయం. కిరసనాయిలుకి ఈ బాధ లేదు. సీసా లోపలి ఒత్తిడిని పంపు కొట్టి మన చేత్తో మనమే పుట్టిస్తాం కాబట్టి బయట ఎంత చలి ఉన్నా పని చేస్తుంది.

మంచు కరిగించడమంటే మామూలు ఖర్చు కాదు. కిలో మంచు నీళ్ళు కావడానికి పట్టే వేడితో, అదే కిలో నీళ్ళని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచుకోవచ్చు. అందుకే మామూలు వంటకి మనిషికి రోజుకి 120 మిల్లీలీటర్ల స్టౌ నూనె (అంటే కిరసనాయిలో పెట్రోలో) సరిపోతే, మంచు కరిగించే చోట దానికి రెట్టింపు లెక్క వేసుకోవాలి. 1973లో అమెరికాలో లారీ పెన్‌బర్తీ అనే ఆయన నూనె సీసానే ట్యాంకుగా మార్చి, బర్నర్‌ని గొట్టంతో దూరంగా పెట్టి స్టౌ తయారు చేసిందే ఇందుకు. పర్వతారోహకులు ఎత్తులో నీళ్ళు సరిపోక జబ్బు పడుతున్నారని, మంచు త్వరగా కరగాలని ఆయన పట్టుదల. ఇప్పుడు ఎమ్మెస్సార్ కంపెనీ అమ్మే నూనె స్టౌలకి అదే మూలం.

ఇక కొనేముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే. పోయే ఊళ్ళో ఏ నూనె దొరుకుతుంది? ఇక్కడి నుంచి తీసుకుపోతామంటే కుదరదు. విమానంలో ఎటూ ఒప్పుకోరు. నూనె వాసన వచ్చే ఖాళీ సీసాని కూడా పక్కన పెట్టేస్తారు. రైల్లో అయితే 1989 రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు. 2023 ఆగస్టులో మదురై యార్డులో బోగీ తగలబడి తొమ్మిదిమంది పోయారే, యాత్రికులు దొంగతనంగా ఎక్కించుకున్న సిలిండర్ వల్లనే. రేణిగుంటలో రైలెక్కేటప్పుడు "అర లీటరే కదా, ఎవరు చూస్తారు" అనేవాళ్ళకి ఆ తొమ్మిదిమందిని గుర్తుచేస్తాను. పోయే ఊళ్ళో హోమ్‌స్టే వాళ్ళకి ముందే ఫోన్ చేయండి, కిరసనాయిలు దొరుకుతుందా, బంకులో పెట్రోలే దిక్కా అని కనుక్కోండి. రెండింటికీ పనికొచ్చే స్టౌ కొనండి.

దొరికితే నా ఓటు కిరసనాయిలుకే. పెట్రోలు ఆవిరి మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. కిరసనాయిలు 35 డిగ్రీలు దాటి వేడెక్కితే గానీ ఆవిరి అంటుకోదు. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నప్పుడు ఒలికిందనుకోండి, ఈ తేడా ప్రాణాలు కాపాడుతుంది. పైగా ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమని పీలుస్తుంది, కొన్ని రకాల రబ్బరు రింగుల్ని ఉబ్బిస్తుంది. ట్రెక్కు నుంచి వచ్చాక సీసాలో నెలల తరబడి వదిలేయకండి. పెట్రోలు తేలిగ్గా అంటుకుంటుంది, మసి తక్కువ, ఒప్పుకుంటాను. ఆ తేలికే నాకు భయం. పెయింట్ షాపులో దొరికే థిన్నర్ మాత్రం ఎవరేం చెప్పినా పోయొద్దు. రింగుల్ని తినేస్తుంది, పొగ విషం.

నూనె మార్చినప్పుడు జెట్ కూడా మార్చాలి. జెట్ అంటే ఆవిరి బయటికొచ్చే సూదిబెజ్జం. ప్రైమస్ కంపెనీ ఓమ్నిఫ్యూయెల్ స్టౌతో మూడు జెట్లు వస్తాయి. గ్యాస్‌కి 0.45 మిల్లీమీటర్లు, పెట్రోలుకి 0.37, కిరసనాయిలుకి 0.28. కిరసనాయిలు ఆవిరి బరువైంది, శుభ్రంగా మండాలంటే గాలి ఎక్కువ కావాలి. అందుకే బెజ్జం సన్నగా ఉండాలి. పెట్రోలు జెట్‌లో కిరసనాయిలు పంపితే పసుప్పచ్చటి మంట, గిన్నె నిండా మసి. అప్పుడు స్టౌ మంచిది కాదని రివ్యూ రాస్తారు!

నా చేతగానితనం కూడా చెప్తాను, ఎందుకంటే ఈ పోస్టు అక్కడినుంచే పుట్టింది. ఆరేళ్ళ కిందట ఉత్తరాఖండ్‌లో 4,200 మీటర్ల దగ్గర టెంట్ వేశాం. స్టౌ ఒక ట్రెక్కింగ్ సంస్థ దగ్గర అద్దెకి తీసుకున్నది. పంపు కొడుతుంటే చేతికి ఆనడం లేదు. గాలిలో చెయ్యి ఊపినట్టు లోపలికి పోతోంది, బయటికొస్తోంది. సీసాలోకి గాలే ఎక్కడం లేదు. వంద కొట్టాం, రెండొందలు కొట్టాం. చుట్టూ మంచే, తాగడానికి మాత్రం చుక్క నీళ్ళు లేవు. రెండు రోజులు వేరుశనగ ఉండలు, అటుకులు పొడిగా నమిలాం. సీసాలో మంచు నింపి చొక్కా లోపల పెట్టుకుని పడుకుంటే పొద్దుటికి రెండు గుక్కలయ్యేవి. నాతో వచ్చిన స్నేహితుడికి తలనొప్పి, వాంతులు మొదలయ్యాయి. వాణ్ణి భుజం మీద చెయ్యి వేయించుకుని దించుకొచ్చిన ఆ దారి నాకింకా కలల్లోకి వస్తుంది.

తిరుపతికొచ్చాక అదే రకం పంపుని గాంధీ రోడ్డు పక్క సందులో స్టౌలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాను. ఆయన అటూ ఇటూ తిప్పి, "ఇది మన పంపు స్టౌవే కదా నాయనా, దొరలు బట్టలేశారంతే" అన్నాడు. కడ్డీ లాగి చూపించాడు. కొసన రూపాయి బిళ్ళంత తోలు వాషరు, ఎండిపోయి ముడుచుకుని ఉంది. రెండు చుక్కల నూనె వేసి బొటనవేలితో అంచుల్ని బయటికి నొక్కుతూ తిప్పాడు. తోలు నల్లబడి, మెత్తబడి, గిన్నెలా విచ్చుకుంది. మళ్ళీ పెట్టి కొడితే మూడో పోటుకే చేతికి ఆనింది. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. డబ్బులు తీసుకోలేదాయన. రెండు చుక్కల నూనె! మా సంచిలో అప్పుడు తలకి రాసుకునే నూనె సీసా ఉంది.

ఇంటికొచ్చి మా అవ్వకి చెప్పాను. "తోలెండితే గాలెక్కదు, అది కూడా తెలీకుండా కొండలకి పోయినారా?" అంది. అవ్వ ముప్పయ్యేళ్ళు పంపు స్టౌ మీదే వండింది. సీమెనూనె అనేది. బర్నర్ కింద చిన్న గిన్నెలో చెంచాడు స్పిరిట్ పోసి అంటించేది. అది ఆరిపోబోయే ముందు, మంట వేడికి ఇత్తడి గొట్టం రంగు తిరిగే ఆ క్షణం చూసి, మీట బిగించి నాలుగు పోట్లు కొట్టేది. బుస్సుమని నీలం మంట లేచేది. ఒక్క సెకను ముందైతే పచ్చ మంట సీలింగ్‌కి తగిలేది, ఆలస్యమైతే మళ్ళీ మొదటినుంచి. మంట ఒక పక్కకి వాలితే పిన్ను తీసి నిపిల్‌లో, అంటే జెట్ బెజ్జంలో, ఒక్క పోటు. ఇవన్నీ నేను పక్కన కూర్చుని వేలసార్లు చూశాను, ఒక్కసారి కూడా నేర్చుకోలేదు. స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ అనే ఆయన 1892లో ప్రైమస్ పేరుతో ఈ రకం స్టౌ తెచ్చాడు. అముండ్‌సెన్ దక్షిణ ధ్రువానికి, టెన్సింగ్, హిల్లరీ ఎవరెస్టుకి మోసుకుపోయింది ఆ ప్రైమస్సే. మనం పదిహేను వేలు పోసి కొంటున్నదాని గుండెకాయ కూడా అదే. కిరసనాయిలు ముందు వేడెక్కి ఆవిరి కావాలి, ఆ ఆవిరి సన్నటి బెజ్జంలోంచి దూకుతూ గాలిని కలుపుకుని మండాలి. గొట్టం వేడెక్కకముందే వాల్వు తిప్పితే వచ్చేది ఆవిరి కాదు, నూనె. అప్పుడు లేచే మంటకి టెంట్లు తగలబడతాయి.

అందుకే మిద్దె మీద ముప్పైసార్లు అంటున్నాను. పగలు పది, చీకట్లో పది, ఫ్యాను గాలి పెట్టుకుని ఐదు, చేతి తొడుగులతో ఐదు. ఒకసారి కావాలని తప్పుగా వెలిగించి ఆర్పడం కూడా నేర్చుకోండి. జెట్ విప్పి మళ్ళీ బిగించండి, కళ్ళు మూసుకుని విప్పగలిగేదాకా. సీసా మెడదాకా నింపొద్దు, లోపల గాలికి చోటుండాలి. గాలి అడ్డం పెట్టే రేకు బర్నర్ చుట్టూ ఉండాలి, సీసా మాత్రం దాని బయటే. స్పిరిట్ విషయంలో మరీ జాగ్రత్త. ఎండలో దాని మంట కనబడదు. ఆరిపోయిందనుకుని సీసా ఎత్తి మళ్ళీ పోశానొకసారి. మంట ధార వెంట పైకి పాకింది. సీసా వదిలేశాను కాబట్టి ముంజేతి వెంట్రుకలతో పోయింది. ఇప్పుడు చెయ్యి దగ్గరగా పెట్టి వేడి చూసి, చల్లారాకే పోస్తాను. టెంట్ లోపల, ఎంత చలైనా, ఎంత వానైనా, వెలిగించొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే తీసుకుపోతుంది.

వంట గురించి ఒక్క మాట. 4,500 మీటర్ల దగ్గర నీళ్ళు 85 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కుక్కర్ లేకుండా అన్నం పెడితే నూనె ఖర్చు, తినేది పలుకులు. ఇంట్లోనే రవ్వ వేయించి పోపు కలిపి తీసుకుపోండి, వేడినీళ్ళు పోసి మూత పెడితే ఉప్మా. సన్నమంట మీద వండాలనుకునేవాళ్ళు బర్నర్ దగ్గర కూడా వాల్వు ఉన్న స్టౌ చూసుకోండి. కొన్ని స్టౌలకి రెండే తెలుసు, గర్జించడం, ఆరిపోవడం.

ఆ కుర్రాణ్ణి ఆదివారం సాయంత్రమే మిద్దె మీదకి తీసుకుపోయాను. పెట్టె విప్పితే లోపల వేసి ఉన్నది పెట్రోలు జెట్. వాళ్ళు పోసుకోబోయేది కిరసనాయిలు. ఆ జెట్ మార్చడానికే వాడికి నలభై నిమిషాలు పట్టింది. మొదటిసారి వెలిగిస్తే మోకాలెత్తు పచ్చమంట లేచి వెనక్కి దూకాడు. రెండోసారీ అంతే. మా అవ్వ కింద నుంచి, "తొందరపడొద్దబ్బోడా, గొట్టం కాగనీ!" అని అరిచింది. ఐదోసారికి నీలం మంట నిలిచింది.

నిన్న రాత్రికి పద్దెనిమిది అయ్యాయి. గోడ మీద బొగ్గుతో గీతలు పెడుతున్నాడు. ఇవాళ తోలు వాషరు విప్పుతానన్నాడు, నూనె సీసా తెచ్చుకోమన్నాను.