వెలుగు పరిమితి అనుమతి పత్రంలోనే ఉండాలి

శ్రీకాకుళం జిల్లా బారువ, కళింగపట్నం తీరాల్లో పొద్దుగూకాక కాసేపు తలెత్తి చూస్తే చుక్కల మధ్య నుంచి ఉపగ్రహాలు సాగిపోతుంటాయి. వాటికి సొంత వెలుగు లేదు. ఇక్కడ చీకటి పడినా 550 కిలోమీటర్ల ఎత్తున ఇంకా ఎండే. ఆ ఎండే వాటి పలకల మీద పడి కిందికి మెరుస్తుంది. పిల్లలకోడి, గొల్లకావడి లాంటి చుక్కల గుంపులను చూసుకునే కంటికి ఇది చిన్న ఇబ్బందే. టెలిస్కోపుకు అలా కాదు, చిత్రం మీద తెల్లగీత పడి కొంత సమాచారం పోతుంది. సూర్యుడికి దగ్గరగా తిరిగే గ్రహశకలాలను వెతకాల్సింది సంధ్యవేళల్లో. ఉపగ్రహాలు ఎక్కువగా మెరిసేదీ అప్పుడే.

2025 డిసెంబరు 24న శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం3 రాకెట్ ఒక అమెరికా ఉపగ్రహాన్ని మోసుకెళ్లింది. దాని యాంటెన్నా 223 చదరపు మీటర్లు, అంటే అయిదున్నర సెంట్ల ఇంటి స్థలమంత. అదే కంపెనీ 2022లో పంపిన 64 చదరపు మీటర్ల నమూనాయే ఒక దశలో ఆకాశంలోని అతి ప్రకాశవంతమైన నక్షత్రాలతో పోటీపడింది. ఇస్రో విజయం మనకు గర్వకారణం. పైకి పంపేవారిగా బాధ్యతా మనదే.

ఉపగ్రహాలు వద్దని మేం అనడం లేదు. సిగ్నల్ కోసం గుట్టలెక్కే మందస, మెళియాపుట్టి కొండ గ్రామాలకు అవి కావాలి. అయితే మెరుపు తగ్గించే దారులున్నాయి. ఉపగ్రహాల ద్వారా ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్ 2020లో నల్లపూత ప్రయత్నిస్తే మెరుపు సుమారు సగానికి తగ్గింది, కానీ ఉపగ్రహం వేడెక్కింది. ఎండకు అడ్డుపెట్టిన తెరలు లేజర్ సంకేతాలకు అడ్డొచ్చాయి. తర్వాత వెలుగును భూమి వైపు రాకుండా పక్కకు మళ్లించే పొర వచ్చింది. కంపెనీ తలుచుకుంటే పని జరుగుతుందని దీంతో తేలింది. తలుచుకోకపోతే అడిగేవారు లేకపోవడమే అసలు సమస్య.

చుక్కల ప్రకాశాన్ని తరగతుల్లో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. కంటికి ఆరో తరగతి ప్రకాశం వరకే కనిపిస్తుంది. ఉపగ్రహాలు ఏడో తరగతి కన్నా మసకగా ఉండాలన్నది ఖగోళ శాస్త్రవేత్తల కోరిక. ప్రైవేటు అంతరిక్ష కార్యకలాపాలను నియంత్రించే కేంద్ర సంస్థ ఇన్‌స్పేస్ ఇచ్చే ప్రతి అనుమతిలో, మన నేల నుంచి జరిగే ప్రతి వాణిజ్య ప్రయోగంలో ఈ పరిమితిని షరతుగా పెట్టాలి. లద్దాఖ్‌లోని హాన్లే ఖగోళ పరిశీలన కేంద్రం చుట్టూ నేల మీది దీపాలను అదుపుచేసిన దేశానికి ఇది కష్టమేమీ కాదు. షరతు అమలవుతోందో లేదో కొలవాలి కూడా. మామూలు కెమెరాతో మొదలుపెట్టగల పని ఇది. ఎచ్చెర్ల విశ్వవిద్యాలయ విద్యార్థులకు దీన్ని అప్పగించి, రాష్ట్ర ప్రభుత్వం పరికరాల ఖర్చు భరించాలి.