పింగు మా ఇంట్లో తెలుగులో మాట్లాడేవాడు

మా ఇంట్లో పింగు తెలుగులో మాట్లాడేవాడు. గోడకు అవతల పక్క పోర్షన్‌లో అదే పింగు తమిళంలో మాట్లాడేవాడు. ఆ కార్టూన్‌లో అసలు ఏ భాషా లేదని నాకు చాలా ఏళ్ళ దాకా తెలియదు.

చెన్నై పెరంబూరులో మాది రైల్వే ఉద్యోగి కుటుంబం. 2003 సెప్టెంబరులో చెన్నైలో సెట్‌టాప్ బాక్స్ పద్ధతి వచ్చాక, బాక్స్ కొనని ఇళ్ళలో పే ఛానెళ్ళు ఆగిపోయాయి. మా ఇల్లూ అందులో ఒకటి. కార్టూన్లు పోయాయని అక్క రోజూ ఏడుస్తుంటే, కొన్నాళ్ళకు నాన్న రిచీ స్ట్రీట్ నుంచి రెండు వీసీడీలు తెచ్చారు. ఒకటి పింగు. అప్పుడు నాకు నాలుగేళ్ళు. మొన్న సంక్రాంతి సెలవుల్లో అక్క కూతురి కోసం దాన్ని మళ్ళీ వెతికి టీవీలో పెట్టాను. పాప నిద్రపోయాక కూడా నేను చూస్తూనే ఉన్నాను.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మంచులో ఒక పెంగ్విన్ కుటుంబం. నాన్న పోస్ట్‌మ్యాన్, అమ్మ, అల్లరి పిల్లాడు పింగు, తర్వాత గుడ్డు లోంచి వచ్చిన చెల్లెలు పింగా, రాబీ అనే సీల్ స్నేహితుడు. ఒట్మార్ గూట్‌మన్ స్విట్జర్లాండ్‌లో తీసిన ఈ కార్టూన్ 1990లో మొదలైంది. ప్లాస్టిసిన్ అనే మెత్తటి మట్టి బొమ్మల్ని కాస్త కాస్త జరుపుతూ, ఒక్కో ఫ్రేమూ కెమెరాతో పట్టి తీశారు. ఒక్కో కథ ఐదు నిమిషాలే.

నేను మాట్లాడాలనుకున్నది ఆ గొంతు గురించి. 2000 వరకు పింగులో పాత్రలన్నిటికీ గొంతు ఇచ్చింది ఒకే మనిషి, మిలాన్‌కు చెందిన కార్లో బోనోమీ. అమ్మ కోపం, నాన్న గొణుగుడు, పసిపిల్ల ఏడుపు అన్నీ ఆయనే. ఇటలీ రంగస్థలంలో విదూషకులు వాడే ఒక పాత విద్య ఉంది. వింటే ఏదో భాష మాట్లాడుతున్నట్టే ఉంటుంది, ఒక్క పదం కూడా ఏ భాషకూ చెందదు. ఆ విద్య పేరు "గ్రామెలో". బోనోమీ ఆ విద్యతోనే పింగు కుటుంబాన్ని మాట్లాడించాడు. మిలాన్ సెంట్రల్ స్టేషన్‌లో ఏళ్ళ తరబడి రైళ్ళ అనౌన్స్‌మెంట్లు వినిపించింది కూడా ఆయన గొంతే అని తెలిసినప్పుడు, రైలు కూతల మధ్య పెరిగినదాన్ని కాబట్టి, నాకు ఎంతో సంతోషం కలిగింది. ఆయన 2022లో, 85 ఏళ్ళ వయసులో పోయారు.

ఇప్పుడు ఇంటర్నెట్‌లో పింగు అంటే "నూట్ నూట్" అనే మీమ్. ముక్కును బూరలా సాగదీసి అరిచే ఆ ఒక్క క్షణమే మిగిలింది. మిగతాదంతా అర్థంలేని గోల అనుకునేవాళ్ళు చాలామంది. నేను ఒప్పుకోను. తెలుగువాళ్ళం మనం రోజంతా పదాలు కాని శబ్దాలతో ఎంత మాట్లాడతామో గమనించండి. ఊఁ అంటే సరే. ఊహూఁ అంటే కాదు. ఊఁ...? అంటే ఏమైంది చెప్పు. గొంతు పెంచి ఊఁ! అంటే దెబ్బలు పడతాయని. ప్చ్, ఛ, అబ్బా, అయ్యయ్యో. మా అమ్మ నెల్లూరులోని పెద్దమ్మతో ఫోన్‌లో పావుగంట ఇలాగే మాట్లాడగలదు, పెద్దమ్మ ఏం చెప్పిందో పక్కన కూర్చున్న నాకు అర్థమైపోతుంది. బోనోమీ భాష అక్కడ పుట్టిందే. పదాలు రాకముందు ప్రతి పిల్లకూ వచ్చిన భాష అది.

నాకు ఆ భాష అవసరం కూడా పడింది. తమిళనాడులో పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చింది, 2006-07లో ఒకటో తరగతితో మొదలైంది. ఆ మొదటి బ్యాచ్‌లో నేనున్నాను. ఇంట్లో తెలుగు, క్లాసులో తమిళం, పుస్తకాల్లో ఇంగ్లీషు. వీధిలో ఆడుకునేంత తమిళం వచ్చు కానీ, క్లాసులో లేచి చెప్పేంత రాదు. ఏడాది దాకా దాదాపు నోరు విప్పలేదు. మరుసటి ఏడు చుట్టి టీవీ అనే పిల్లల తమిళ ఛానెల్ వచ్చి, చూసేవాళ్ళను ప్రశ్నలడిగే కార్టూన్ పాప డోరా తమిళంలో మాట్లాడడం మొదలుపెట్టాక, నా స్నేహితురాళ్ళు స్క్రీన్ ముందు అరిచి జవాబులు చెప్పేవాళ్ళు. నేను ఒక క్షణం ఆలస్యంగా చెప్పేదాన్ని. 2009లో పిల్లల తెలుగు ఛానెల్ ఖుషీ టీవీ వచ్చినప్పుడు నెల్లూరులో నా కజిన్లకు కార్టూన్లు తెలుగులో దొరికాయి. వాళ్ళను చూసి అసూయపడ్డాను. పింగు ముందు మాత్రం పక్క పోర్షన్ పాప కంటే నేను వెనకబడింది ఎప్పుడూ లేదు. అక్కడ ఇద్దరమూ ఒకేసారి నవ్వేవాళ్ళం.

పెద్దయ్యాక చూస్తే కనబడింది ఇంకొకటి, ఆ అమ్మానాన్నలు. ఒక కథలో భోజనాల దగ్గర పింగు అల్లరి చేసి తన్నులు తింటాడు. అలిగి రాత్రిపూట ఇంట్లోంచి వెళ్ళిపోతాడు. చీకట్లో మంచుగడ్డలు దయ్యాల్లా కనిపిస్తాయి. చిన్నప్పుడు నేను ఆ దయ్యాల దగ్గర కళ్ళు మూసుకునేదాన్ని, కాబట్టి ఇంట్లో ఏం జరుగుతోందో చూడనేలేదు. ఇప్పుడు చూశాను. పిల్లాడు లేడని తెలిశాక ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునే తీరు. కొట్టినందుకు పశ్చాత్తాపం ఉంది, కానీ దాన్ని చెప్పే డైలాగు లేదు. మట్టిబొమ్మ తల కాస్త వంగుతుంది, అంతే. నైట్ షిఫ్టు చేసి వచ్చిన నాన్న మమ్మల్ని కసిరి, తర్వాత ఏమీ అనకుండా జామకాయ కోసి ఉప్పూ కారం అద్ది ఇచ్చిన సాయంత్రాలు గుర్తొచ్చాయి. పిల్లల్ని కొట్టడం సరైనదని నేను అనడం లేదు. కోపం, భయం, ప్రేమ ఒకే పూట ఒకే మనిషిలో ఉంటాయని నాలుగేళ్ళ పిల్లలకు దాచకుండా చూపించిన కార్టూన్లు నాకు ఎక్కువ కనబడలేదు.

మాటల్లేని కార్టూన్ చూపిస్తే పిల్లలకు మాటలు ఆలస్యమవుతాయని అక్కకు టెన్షన్. ఆ భయాన్ని కొట్టిపారేయలేను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు స్క్రీన్ రోజుకు గంట మించకూడదు, తక్కువైతే ఇంకా మంచిది. పింగునైనా ఫోన్‌లో పెట్టి పిల్ల చేతికిచ్చి వెళ్ళిపోతే అది వట్టి శబ్దమే. కానీ ఏబీసీడీలు, రంగులు, అంకెలు అంటూ ఊపిరాడకుండా మాట్లాడే వీడియోల్లో పక్కన కూర్చున్న అమ్మ మాట్లాడడానికి చోటే ఉండదు. పింగులో ఉంటుంది. "చూడవే, వాళ్ళ నాన్న ఏమంటున్నాడో. ఉత్తరాలు తడిసిపోతాయి, జాగ్రత్త అంటున్నాడు" అని మా అమ్మ బియ్యం ఏరుతూ చెప్పేది. ఉత్తరం, తడిసిపోవడం, జాగ్రత్త లాంటి మాటలు నాకు అలా వచ్చాయి. పక్క పోర్షన్ పాట్టి (నానమ్మ) కూడా మనవరాలికి తమిళంలో ఇలాగే చెప్పేది. తెలుగు బడి అందుబాటులో లేని నాకు తెలుగు నిలవడంలో ఆ వీసీడీకి వాటా ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

మొన్న ఆదివారం మేనకోడలూ, కింద ఇంటి పిల్లాడూ కలిసి పింగు అలిగి వెళ్ళిపోయిన కథే చూశారు. చివర్లో అమ్మ పింగును దగ్గరికి తీసుకుని ఏదో అంటుంది.

"రా కన్నా అంది" అని మా పాప.

"ఇల్లె, వాడా కణ్ణా" అని వాడు, తమిళంలో.

ఇద్దరూ పట్టు వదల్లేదు. ఎవరు కరెక్టో చెప్పమని నా వైపు తిరిగారు. నేను వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాను.