కాలేజీ గారూ, ఈసారి ఏం కూలుస్తున్నారు?

మహారాజశ్రీ ఫర్దర్ ఎడ్యుకేషన్ కాలేజీ గారికి,

స్కూలు అయ్యాక పదహారు దాటినవాళ్ళకి చేతిపనులూ వృత్తి కోర్సులూ నేర్పే మీకు, ఇంగ్లండులో మీ ఊళ్ళోనే ఉంటున్న ఒక తెలుగువాడు నమస్కరించి రాసేదేమంటే, ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగాలంటేనే కాస్త భయంగా ఉంది, ఎందుకంటే అటుగా వచ్చినప్పుడల్లా బోర్డు కొత్తగా కనిపిస్తోంది. మొన్నటిదాకా ఊరి పేరుతో ఉండేవారు. పక్క ఊరి కాలేజీని మీరు కలుపుకున్నారో వాళ్ళే మిమ్మల్ని కలుపుకున్నారో గానీ, ఇప్పుడు 'గ్రూప్' అయ్యారు. కాలేజీలని తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్ ఎప్పుడో 'గుడ్' ఇచ్చిందన్న బ్యానర్ మాత్రం వానకి తడుస్తూ ఇంకా కంచెకి వేలాడుతూనే ఉంది.

మీ కష్టాలు నాకు తెలియనివి కావు. స్థానిక కౌన్సిల్ చేతుల్లోంచి తీసేసి, ఇక మీ తిప్పలేవో మీరే పడండని మిమ్మల్ని వదిలేసింది 1993 ఏప్రిల్ 1న. తేదీ ఎంచుకున్న వాళ్ళకి దండం పెట్టాలి. తర్వాత 2022 నవంబరులో జాతీయ గణాంకాల కార్యాలయం, కాదు కాదు, మీరు ప్రభుత్వ రంగమే అని తేల్చింది. సర్కారు వాళ్ళైపోయారు కదా అని మేం సంతోషించేలోపే బ్యాంకు అప్పు కావాలంటే ముందు విద్యాశాఖ అనుమతి తీసుకోమన్నారు, స్కూళ్ళకి వెనక్కిచ్చే వ్యాట్ మాత్రం మీకు ఇవ్వలేదు. ఆంక్షలకేమో గవర్నమెంటు, డబ్బులకేమో ప్రైవేటు. మీ లెక్చరర్లు స్కూల్ టీచర్లకన్నా తక్కువ జీతానికి ఎందుకు పనిచేస్తున్నారో వేరే చెప్పాలా?

ఓపెన్ డే రోజు మీ తాపీపని వర్క్‌షాపు చూశాను. పదహారేళ్ళ కుర్రాళ్ళు దారం కట్టి, వరస వరసకీ లెవెల్ చూసుకుంటూ ముచ్చటగా గోడలు కడుతున్నారు. మాలులో సిమెంటు లేదు, ఉత్త సున్నమూ ఇసుకే. మార్కులు వేయడం అవగానే గోడ కూల్చేసి, ఇటుకలు గీకి, వచ్చే బ్యాచ్‌కి పేర్చి పెట్టాలట. ఈ పద్ధతి పైవాళ్ళకి తెగ నచ్చినట్టుంది. జీఎన్‌వీక్యూలని వృత్తి కోర్సులు కట్టారు, కూల్చారు. 2008లో డిప్లొమాలని ఆర్భాటంగా కట్టి కొన్నేళ్ళకే నేలమట్టం చేశారు. 2020లో టీ లెవెల్స్ అని ఇంకో రకం వృత్తి కోర్సులు వచ్చాయి, అవి ఇంకా జనానికి అర్థం కాకముందే ఇప్పుడు వీ లెవెల్స్ అంటున్నారు. ఏ మంత్రి వచ్చినా హెల్మెట్ పెట్టుకుని, తాపీ పట్టుకుని ఫొటో దిగుతాడు. కలిపేది మాత్రం సున్నమే.

అక్కడే ఒక కుర్రాణ్ణి చదరపు మీటరుకి ఎన్ని ఇటుకలు పడతాయని అడిగాను. తడుముకోకుండా అరవై అన్నాడు, పగిలేవాటికి ఐదు శాతం ఎక్కువ తెప్పించుకోవాలనీ చెప్పాడు. ఈ మహానుభావుడు మన పదో తరగతి లాంటి జీసీఎస్‌ఈ పరీక్షలో లెక్కల్లో 4 గ్రేడు అందక 3 దగ్గర ఆగిపోయాడట, మళ్ళీ రాస్తున్నాడు. ఇలాంటివాళ్ళకి మళ్ళీ లెక్కలు చెప్పకపోతే మీ నిధులకి కోత పడుతుంది, 2014 నుంచీ రూలు అదే. నవంబరులో ఓసారి, వేసవిలో ఓసారి. 2025 వేసవిలో పదహారు దాటాక మళ్ళీ లెక్కలు రాసినవాళ్ళలో 4 గ్రేడు అందుకున్నది ఆరుగురిలో దాదాపు ఒక్కరే. మిగతా ఐదుగురూ తమకి లెక్కలు రావన్న సంగతి మరోసారి శ్రద్ధగా నేర్చుకున్నారు.

మీ ట్రైనింగ్ సెలూన్ చవకే, కాదనను. కానీ ఆ అమ్మాయి ఒక్కో పాయ వేళ్ళ మధ్య పట్టుకుని, మేడం వచ్చి చూసి ఊ అనేదాకా కత్తెర గాల్లోనే ఆపుతుంది. క్రాఫుకి వచ్చేవాడు ఆఫీసులో హాఫ్ డే పెట్టుకుని రావాలి.

ఇక మావాళ్ళ సంగతి. వీకెండ్ పార్టీల్లో ఎంట్రన్సు రాసి చేరే గ్రామర్ స్కూలు, మన ఇంటర్ లాంటి సిక్స్త్ ఫామ్, మెడిసిన్ తప్ప వేరే మాట ఉండదు. మీ పేరెత్తితే "అంటే మన ఐటీఐ లాంటిదా?" అని జాలిగా చూసి బిర్యానీ వైపు నడుస్తారు. అదే ఇంట్లో డిసెంబరు చలిలో బాయిలర్ ఆగిందనుకోండి, గ్యాస్ పనికి అనుమతిచ్చే గ్యాస్ సేఫ్ కార్డున్న కుర్రాడికి ఎదురెళ్ళి టీ ఇచ్చి, బిల్లు చూశాక "వీడికి మనకంటే ఎక్కువ వస్తుందేమో" అని గుసగుసలాడుకుంటారు. వాడు ఎక్కడ చదివాడో ఒక్కరూ అడగరు, అడిగితే మీ పేరు చెప్పాల్సి వస్తుంది మరి.

అసలు విషయానికి వస్తాను. మావాడు సెప్టెంబరులో మీ ఎలక్ట్రికల్ కోర్సులో చేరుతున్నాడు. మా ఆవిడ గుంటూరులో వాళ్ళమ్మగారికి 'ఇంజనీరింగ్' అని చెప్పేసింది. ఎవరైనా ఫోన్ చేసి అడిగితే దయచేసి మీరూ అదే చెప్పగలరు.

ఇట్లు,
కోర్సు పేరు మారేలోపే ఫారం నింపాలని తొందరపడుతున్న ఒక తండ్రి