పైలట్ తన నిద్రలేమి ఎవరికి చెప్పుకోవాలి?

నెల్లూరు జిల్లా అల్లూరు మండలంలో, సముద్రానికి దగ్గరగా ఒక రొయ్యల చెరువు గట్టు. రాత్రి పదకొండు దాటింది. మాలకొండయ్య ఇరవై ఏళ్లు ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజిన్ మెకానిక్‌గా చేసి వచ్చి వనామీ సాగు పెట్టుకున్నాడు. కొడుకు వాసు కో-పైలట్. సుజాత ఆయన అక్క కూతురు, బెంగళూరులో క్లినికల్ సైకాలజిస్టు. పైలట్ల లైసెన్సు వ్యవహారంలో సైకాలజిస్టుకు చోటుండాలని ఆమె అంటోంది, వద్దని ఆయన అంటున్నాడు. మనుషులు కల్పితం. వాళ్లు చెప్పే విమాన ప్రమాదాలు, అంకెలు, రూల్సు మాత్రం నిజం. నేను సుజాత వైపు మొగ్గుతాను. అయినా మాలకొండయ్య మాటలు తగ్గించి రాయలేదు. ఆయన భయం చాలా ఇళ్లలో ఉంది.

మాలకొండయ్య: నీ చదువును తక్కువ చేయడం లేదమ్మణ్ణీ. కానీ పైలట్ లైసెన్సు దగ్గరికి సైకాలజిస్టును రానిస్తే ఉన్న బాధ కూడా వాళ్లు బయటపెట్టరు. జర్మనీ విమాన సంస్థ జర్మన్‌వింగ్స్ సంగతి చూడు. 2015 మార్చి 24న బార్సిలోనా నుంచి డ్యూసెల్‌డార్ఫ్ పోయే విమానాన్ని కో-పైలట్ కావాలనే ఆల్ప్స్ కొండకేసి గుద్దేశాడు. 150 మంది పోయారు. వాడికి డాక్టర్లు లేకనా?

సుజాత: డాక్టర్లు ఉన్నారు మామా. సరిగ్గా రెండు వారాల ముందు, మార్చి 10న, ఒక డాక్టరు సైకోసిస్, అంటే ఏది నిజమో తెలియకుండాపోయే తీవ్రమైన మానసిక జబ్బు, కావచ్చని అనుమానపడి మానసిక ఆసుపత్రిలో చేరమన్నాడు. ఆ మాట కంపెనీ దాకా పోలేదు. ఇతనూ చెప్పలేదు, డాక్టరూ చెప్పలేదు. లైసెన్సు పోతే సంపాదన పోతుంది, నెత్తిన శిక్షణ అప్పు ఉంది. అలాంటివాడు నోరు తెరవడని ఫ్రాన్స్ విచారణ సంస్థ బీఈఏ కూడా గుర్తించింది.

మాలకొండయ్య: నేననేదీ అదే కదా! చెబితే పోతుందని తెలిసినప్పుడు ఎవడు చెబుతాడు?

సుజాత: చెప్పరు. అమెరికాలో 3,765 మంది పైలట్లను అడిగితే, వాళ్లలో 56 శాతం మంది మెడికల్ (విమానం నడపడానికి కావాల్సిన ఆరోగ్య సర్టిఫికెట్) పోతుందన్న భయంతో వైద్యం తప్పించుకోవడమో, ఏదో ఒకటి దాచడమో చేశామన్నారు. 2022లో వచ్చిన అధ్యయనం అది. అంటే సైకాలజిస్టు లేనిచోట కూడా దాస్తూనే ఉన్నారు. నన్ను గేటు బయట నిలబెట్టినంత మాత్రాన ఆ భయం పోదు.

మాలకొండయ్య: సరే, లోపలికి రా. వచ్చి ఏం పరీక్ష పెడతావు? పదివేల మంది పైలట్లలో ఒక్కడు ప్రమాదకరం అనుకో. నీ పరీక్ష నూటికి తొంభై అయిదుసార్లు సరిగ్గా చెబుతుందనుకుందాం. ఆ ఒక్కడు దొరికినా, వాడితో పాటు ఏ పాపం ఎరగని అయిదు వందల మందిని కూడా ఇంట్లో కూర్చోబెడతావు. ఏరోస్పేస్ మెడికల్ అసోసియేషన్ నిపుణులే, తీవ్రమైన జబ్బు పట్టుకోవడానికి ప్రతి మెడికల్‌లో లోతైన మానసిక పరీక్షలు పెట్టడం దండగన్నారు.

సుజాత: ఆ లెక్క నేనూ ఒప్పుకుంటాను. అందుకే, ఒక్క ప్రశ్నపత్రంతో పిచ్చివాణ్ణి పట్టేస్తామని చెప్పేవాళ్లను నమ్మకు. ఆ నిపుణులు ఇంకో మాట కూడా అన్నారు. నిద్ర, టెన్షన్, ఇంటి సమస్యల గురించి పైలట్‌తో మామూలుగా మాట్లాడండి, నమ్మకం పెంచండి అని. మా పని ఎక్కువగా అక్కడే. పెద్ద జబ్బు కాకముందే మనిషి వచ్చి చెప్పుకునే చోటు ఉండాలి.

మాలకొండయ్య: చెప్పుకున్నాక?

సుజాత: చూస్తాం, చికిత్స ఇస్తాం, మళ్లీ కాక్‌పిట్‌కు పంపుతాం. ఈ చివరి పని గురించి ఎవరూ మాట్లాడరు. 2010 దాకా అమెరికాలో డిప్రెషన్ మందు వేసుకునే పైలట్ విమానం నడపడానికి లేదు. ఆ ఏడాది నాలుగు రకాల మందులకు షరతులతో ఒప్పుకున్నారు. మందు వేసుకున్నాక ఏకాగ్రత ఎలా ఉంది, రెండు పనులు ఒకేసారి చూడగలుగుతున్నాడా, స్పందన నెమ్మదించిందా అన్నది పరీక్షలు పెట్టి తేల్చాలి. ఆ కాగితం మీద సైకాలజిస్టు చేసే సంతకంతో మనిషి ఉద్యోగం నిలబడుతుంది మామా. నువ్వేమో మమ్మల్ని ఉద్యోగం తీసేవాళ్లుగానే చూస్తున్నావు.

(మాలకొండయ్య లేచి టార్చి వేసి చెక్ ట్రే పైకి లాగి చూశాడు. మేత దాదాపు అయిపోయింది. మళ్లీ వచ్చి కూర్చున్నాడు.)

మాలకొండయ్య: నీకొక సంగతి చెబుతాను. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. రొయ్యలు పైకి తేలతాయి. అప్పుడు నీళ్లలో గాలి కలిపే ఏరియేటరు వేయాలా, రొయ్యకు ధైర్యం చెప్పాలా? పైలట్ ఒంట్లోనూ అదే వేళకు అంతే. 2010 మే 22న మంగళూరు విమాన ప్రమాదంలో 158 మంది పోయారు. దుబాయ్ నుంచి రాత్రంతా ప్రయాణం. కెప్టెన్ గంటన్నరకు పైగా నిద్రపోయాడని వాయిస్ రికార్డరే చెప్పింది. 2025లో పైలట్లకు వారానికోసారి ఇచ్చే విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెంచారు, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గించారు. ఏమైంది? ఆ డిసెంబరులో తగినంత మంది పైలట్లు లేక వేల విమానాలు రద్దయితే, ఆ రూలునే సడలించారు. రోస్టరు (డ్యూటీల పట్టిక) మార్చని కంపెనీవాడు సైకాలజిస్టును పెట్టుకుంటాడు. నువ్వు కౌన్సెలింగ్ ఇస్తావు, వాడు మళ్లీ అదే రాత్రి డ్యూటీ వేస్తాడు.

సుజాత: ఈ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. నిద్రకు బదులు నిద్రే, కౌన్సెలింగ్ కాదు. అలాంటి కంపెనీలో పనిచేసే సైకాలజిస్టు రోస్టరు తప్పని రాసివ్వాలి. రాయకపోతే తప్పు తనదే. కానీ మంగళూరులో ఇంకొకటి కూడా జరిగింది. కో-పైలట్ మూడుసార్లు "గో అరౌండ్" అన్నాడు, అంటే దిగకుండా మళ్లీ పైకి లేపమని. కెప్టెన్ వినలేదు. పెద్దాయన చేతిలోంచి కంట్రోల్స్ తీసుకోవడానికి చిన్నవాడికి చెయ్యి రాలేదు. 1977లో స్పెయిన్ దీవి టెనెరిఫేలో రెండు విమానాలు గుద్దుకుని 583 మంది పోయాక ఈ సంకోచం మీదే సైకాలజిస్టులు పనిచేశారు. 1979లో నాసా పెట్టిన వర్క్‌షాపు నుంచే ఇవాళ్టి సీఆర్ఎం శిక్షణ, అంటే కాక్‌పిట్‌లో ఒకరి మాట ఒకరు విని కలిసి పనిచేసే శిక్షణ, పుట్టింది. అది నా శాఖ కాదు, క్లినికల్ వేరు. అయినా మనసు సంగతి ఇంజినీర్లకే వదిలేస్తే చాలదని చెప్పడానికి అంటున్నాను.

మాలకొండయ్య: అహ్మదాబాద్ ఎయిర్ ఇండియా ప్రమాదం తర్వాత చూశావుగా. 2025 జూన్ 12న 260 మంది పోయారు. విచారణ ముగియకముందే, చనిపోయిన కెప్టెన్ మనసు ఎలా ఉండేదో టీవీల్లో తేల్చేశారు. రేపు ఎవడికైనా నీ దగ్గర ఫైలు ఉంటే, శవానికి కూడా మచ్చ తప్పదు.

సుజాత: అది ఘోరం. ఆ కెప్టెన్ ముసలి తండ్రి బాధ తలుచుకుంటే నాకు మాట రాదు. కానీ ఇంకో అంకె విను. నాలుగు రోజుల తర్వాత, జూన్ 16న, ఎయిర్ ఇండియాలో 112 మంది పైలట్లు ఒంట్లో బాగాలేదన్నారని కేంద్రమంత్రి పార్లమెంటులో చెప్పారు. వాళ్లలో ఎంతమందికి జ్వరం, ఎంతమందికి గుండెలో భయం? ఆ రోజు వాళ్ల మాట వినడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా. అందుకే యూరప్‌లో 2021 నుంచి ప్రతి కంపెనీ పైలట్లకు తోటి పైలట్ల సహాయ బృందం పెట్టి తీరాలి. ముందు తోటి పైలట్ వింటాడు, అతని వెనక సైకాలజిస్టు ఉంటాడు. మన దేశంలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ కూడా 2023లో అలాంటి ఏర్పాటు చేయమంది.

మాలకొండయ్య: కాగితం మీద.

సుజాత: చాలాచోట్ల కాగితం మీదే. ఒక్క సంగతిలో మాత్రం నీతో కలుస్తాను మామా. వినే సైకాలజిస్టు, ఫిట్‌నెస్ తేల్చే సైకాలజిస్టు ఒకే మనిషి కాకూడదు. ఒకే మనిషైతే నువ్వన్నట్టే అందరూ దాస్తారు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో గోప్యత రోగి హక్కు. ఇతరుల ప్రాణానికి ముప్పు ఉంటే మాత్రం, అవసరమైనంత వరకే బయటపెట్టవచ్చు.

మాలకొండయ్య: ముప్పు ఉందో లేదో ఎవరు తేల్చాలి?

సుజాత: నేనే. ఆ బరువు నాదే. అందుకే మొదటి రోజే, అతను నోరు విప్పకముందే, ఏది దాస్తానో ఏది దాచనో చెప్పేస్తాను.

(కాసేపు ఏరియేటర్ల చప్పుడు తప్ప మరేం లేదు.)

మాలకొండయ్య: వాసుకు రెండు నెలలుగా నిద్ర పట్టడం లేదంట.

సుజాత: ఎవరికైనా చెప్పాడా?

మాలకొండయ్య: నేనే వద్దన్నాను. వాడి చదువుకు అయిదెకరాలు అమ్మాను కదమ్మా. లైసెన్సు పోతే వాడి ముఖం ఎలా చూడను? నువ్వు చూడు వాణ్ణి. ఇంటి మనిషివి, బయటికి పోదు.

సుజాత: ఇంటి మనిషిని కాబట్టే చూడకూడదు. సొంతవాళ్లకు చికిత్స చేయడం మా వృత్తిలో తప్పు. రేపు డ్యూటీ ఉంటే వెళ్లొద్దని, అలసిపోయానని రిపోర్టు ఇవ్వమని చెప్పు. వాళ్ల కంపెనీలో తోటి పైలట్ల బృందం ఉందేమో కనుక్కోమను. ఉంటే, మాట్లాడే ముందే, ఈ మాట ఎవరెవరి దాకా పోతుందో రాతలో అడగమను. లేకపోతే బయట మంచి మనిషి పేరు నేనిస్తాను.

మాలకొండయ్య: చెప్పాక మెడికల్‌లో ఆపేస్తే?

సుజాత: కొన్నాళ్లు ఆపొచ్చు. ఆపరని నీకు మాటివ్వలేను.

(కరెంటు పోయింది. ఏరియేటర్లు ఒక్కసారిగా ఆగాయి. మాలకొండయ్య జనరేటరు వైపు పరుగెత్తబోయి ఆగి, జేబులోంచి ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టాడు.)

మాలకొండయ్య: నువ్వే చేయి. మేలుకునే ఉంటాడు. ఎవరికీ చెప్పొద్దని తానన్నది తప్పని వాళ్ల నాన్నే అంటున్నాడని కూడా చెప్పు.