'ఫోన్ ఉందిగా' అనుకుని అడవికి బయల్దేరితే

శుక్రవారం రాత్రి ఎల్బీనగర్‌లో కారెక్కి, శనివారం పొద్దున్నకల్లా ఏదో ఒక జలపాతం దగ్గర తేలడం మన హైదరాబాద్ కుర్రాళ్లకు మామూలైపోయింది. వెళ్లడం తప్పు కాదు, నేనూ వెళ్తాను. నా గొడవల్లా 'ఏమన్నా అయితే ఫోన్ ఉందిగా' అన్న ధీమాతోనే.

2023 జూలైలో ములుగు జిల్లా ముత్యాలధార చూడ్డానికి వెళ్లి, వాగు పొంగడంతో దాదాపు 80 మంది రాత్రిపూట అడవిలో చిక్కుకుపోయారు. ఫోన్లు కలిశాయి, ఎన్డీఆర్ఎఫ్ వాళ్లూ పోలీసులూ వెళ్లి బయటికి తెచ్చారు. సంతోషమే. కానీ మనం ఫోన్ చేసినంత మాత్రాన ప్రమాదం ఎక్కడికీ పోదు, అందులో సగం ఆ వానలో మనకోసం వచ్చేవాళ్ల నెత్తిన పడుతుంది. వాళ్ల ఇళ్లలోనూ ఎదురుచూసేవాళ్లుంటారు.

అసలు ఫోన్ కలవకపోతే? శ్రీశైలం రోడ్డులో మన్ననూర్ చెక్‌పోస్ట్ దాటి నల్లమలలోకి వెళ్లినవాళ్లకు సిగ్నల్ సంగతి చెప్పక్కర్లేదు. మన సిమ్‌కు సిగ్నల్ లేకున్నా 112కు వేరే కంపెనీ టవర్ మీదుగా కాల్ వెళ్తుంది, నిజమే, ఏదో ఒక టవర్ అందితేగా! జీపీఎస్‌కు ఇంటర్నెట్ అక్కర్లేదు కానీ అది మనమెక్కడున్నామో మనకే చెబుతుంది, పోలీసులకు కాదు. పైగా లేని సిగ్నల్‌ను వెతుక్కుంటూ ఫోన్ ఛార్జింగ్ తాగేస్తుంది (మిగిలింది రీల్స్‌కు సరి). పోనీ శాటిలైట్ ఫోన్ కొందామంటే, అనుమతి లేకుండా వాడితే మన దేశంలో కేసు పెడతారు.

అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో నిర్లక్ష్యంగా వెళ్లి చిక్కుకున్నవాళ్ల దగ్గర రెస్క్యూ ఖర్చు వసూలు చేసే చట్టం ఉంది. ఇక్కడా అలా పెట్టాలని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. బిల్లుకు భయపడి రెండు గంటలు ఆలస్యంగా ఫోన్ చేస్తే మనిషే దక్కకపోవచ్చు. కానీ డబ్బు ఖర్చు లేని పని ఒకటుంది, అదీ చేయం: ఎక్కడికి వెళ్తున్నామో ఇంట్లో సరిగ్గా చెప్పడం. 'ఫ్రెండ్స్‌తో బయటికి' అంటే వెతికేవాళ్లు ఏ జిల్లాలో వెతకాలి?

నేనిప్పుడు ఏ దారి, కారు నంబరు, ఎన్నింటికి తిరిగొస్తాం, రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి, అన్నీ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటిస్తున్నా. మొదటిసారి మా అమ్మ 'ఇదేంట్రా, వీలునామాలా ఉంది' అని తిట్టింది. ఇప్పుడు పులిహోర డబ్బా చేతికిచ్చేముందు తనే కాగితం అడుగుతోంది.