సవరణ: లసోటాను కుళాయి నీళ్లలో కలపకండి

కనిగిరి వైపు నాటుకోళ్లు పెంచేవాళ్ల కోసం మొన్న కొక్కెర తెగులు టీకా గురించి రాస్తూ, లసోటా అనే ఆ టీకా మందును మామూలు కుళాయి నీళ్లలో కలిపి పెట్టమన్నాను. అది తప్పు, క్షమించండి. లసోటాలో ఉండేది బతికున్న వైరస్. కుళాయి నీళ్లలోని క్లోరిన్ దాన్ని చంపేస్తుంది. టీకా వేశామన్న ధైర్యం మనకుంటుంది గానీ, కోడికి రక్షణ ఉండదు. బ్లీచింగ్ కలపని చల్లటి నీళ్లలో లీటరుకు 5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి వేసి, ఆ తర్వాతే మందు కలపండి. ముందు గంటో రెండు గంటలో నీళ్లు ఆపితే కోళ్లన్నీ దాహంగా తాగుతాయి. కలిపిన నీళ్లు 2 గంటల్లో అయిపోవాలి. మన ఎండలకు తెల్లవారుజామునే పెట్టడం మేలు. వారం లోపు పిల్లలకైతే కంట్లోనో ముక్కులోనో చుక్క వేయించండి.

ఇంకొకటి, ఈ టీకా బర్డ్ ఫ్లూను ఆపదు. అది వేరే వైరస్.