పిల్లవాడు అన్నం తినకుండా పడుకున్న రాత్రి

కొవ్వు కరగడం అనగానే నడుము కొలత, జిమ్ము, డబ్బాల్లో అమ్మే కార్నిటిన్ పొడి మాత్రమే మన మాటల్లోకి రావడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఆ పని విలువ తెలియాలంటే, అన్నం తినకుండా పడుకున్న పిల్లవాడి కాలేయంలో తెల్లవారుజామున ఏం జరుగుతుందో చూడాలి.

తిన్న తరువాత ఇన్సులిన్ పెరిగి, కాలేయ కణాల్లో మాలోనైల్ కో-ఏ అనే పదార్థం తయారవుతుంది. కణంలో శక్తి తయారయ్యే చోటైన మైటోకాండ్రియా బయటి పొర మీదున్న సీపీటీ-1 అనే ఎంజైమును అది అణచి ఉంచుతుంది కనుక, పొడవైన కొవ్వు ఆమ్లాలు లోపలికి పోలేవు. ఈ సంగతిని 1977లో అమెరికాలోని డల్లాస్‌లో మెక్‌గ్యారీ, ఫోస్టర్ అనే శాస్త్రవేత్తలు బయటపెట్టారు. కడుపు ఖాళీ అయ్యేకొద్దీ మాలోనైల్ కో-ఏ తగ్గిపోయి, కొవ్వు ఆమ్లాలు వాటిని మోసే కార్నిటిన్ సాయంతో లోపలికి చేరతాయి. అక్కడ నాలుగు ఎంజైములు వరుసగా పనిచేసి, విడతకు రెండు కార్బన్ల చొప్పున తెంపుతాయి; 16 కార్బన్ల పామిటిక్ ఆమ్లం 7 విడతల్లో 8 ముక్కలవుతుంది. కాలేయం కొత్త గ్లూకోజ్ తయారుచేయడానికి కావలసిన శక్తి ఇక్కడి నుంచే వస్తుంది. శక్తి అందకపోతే గ్లూకోజ్ తయారుకాదు, మెదడుకు తిండి ఉండదు.

బీహార్‌లోని ముజఫర్‌పుర్‌లో జరిగింది ఇదే. పగలంతా తోటల్లో లిచీ పండ్లు తిన్న పిల్లలు, రాత్రి భోజనం మానేసి పడుకొని, తెల్లవారేసరికి మూర్ఛలతో కొట్టుకున్నారు. 2014లో రెండు ఆస్పత్రుల్లో చేరిన 390 మందిలో 122 మంది చనిపోయారు. వైరస్ అన్నారు, పురుగుమందులన్నారు. లిచీలోని హైపోగ్లైసిన్, దాని జాతికే చెందిన మరో విషం శరీరంలో మార్పు చెంది, ఆ నాలుగు ఎంజైముల వరుసలో మొదటి రెండింటిని పనిచేయనీయవని 2017లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. అదే పండు తిన్నా, రాత్రి అన్నం తిన్న పిల్లవాడికి ముప్పు తక్కువ. బలంగా పెరిగిన పిల్లల కాలేయంలో గ్లైకోజెన్ (దాచుకున్న గ్లూకోజ్) నిల్వ కొంతసేపు ఆదుకుంటుంది. బక్కచిక్కిన పిల్లలకు ఆ నిల్వా ఉండదు. అందుకే ఈ జబ్బును పండు మీదికే నెట్టేయడం నాకు అన్యాయమనిపిస్తుంది.

పుట్టుకతోనే ఇవే ఎంజైముల్లో ఒకటి లోపించిన పిల్లలూ ఉన్నారు. మడమ నుంచి తీసిన నాలుగు రక్తపు చుక్కలతో దానిని ముందే పట్టుకోవచ్చు. ఆ పరీక్ష మన ప్రతి ప్రసూతి ఆస్పత్రిలోనూ ఉండాలని నేను గట్టిగా కోరుతున్నాను. లిచీ కాసే జిల్లాల్లోనైతే, మూర్ఛతో వచ్చిన పిల్లవాడిని పెద్దాస్పత్రికి పంపే ముందే, ఊరి ఆరోగ్య కేంద్రంలో వేలి నుంచి చుక్క రక్తం తీసి గ్లూకోజ్ చూడాలి, తక్కువగా ఉంటే అక్కడికక్కడే డెక్స్ట్రోజ్ (గ్లూకోజ్ ద్రావణం) ఎక్కించాలి.